కాలిపోయిన పళ్ళ సెట్టు

1997 వేసవి. విజయవాడ గవర్నర్‌పేటలో కింద మందుల షాపు, పైన నా క్లినిక్. మెట్లెక్కలేని ముసలివాళ్ళు కిందే నిలబడి "డాక్టరమ్మగారో!" అని కేకేస్తే నేనే దిగి వెళ్ళి పన్ను చూసి వచ్చేదాన్ని. ఉన్నవి ఒక డెంటల్ కుర్చీ, కరెంటు పోతే ఆగిపోయే ఒక డ్రిల్లు, గది నిండా లవంగనూనె వాసన. పంటి నొప్పికి వాడే ఆ నూనె నా బట్టలకీ జుట్టుకీ పట్టేసి, ఇంటికి వెళ్తే మా అబ్బా "బిర్యానీ వండి వస్తున్నావా బేటీ?" అని ఏడిపించేవారు. వన్‌టౌన్‌లో మంగళగిరి చీరలు అమ్మే మనిషి. ఆయనకి కూతురు డాక్టరైనందుకు గర్వం, పళ్ళ డాక్టరైనందుకు కాస్త వెలితి.

నాకు సాయంగా రత్తమ్మ ఉండేది. కృష్ణలంక నుంచి నడిచి వచ్చేది. క్లినిక్ తెరిచిన నాటి నుంచీ నాతోనే ఉంది. పరికరాలు మరిగించడం, పేషెంటు మెడకి గుడ్డ కట్టడం, ఏడ్చే పిల్లల్ని ఎత్తుకుని వరండాలో తిప్పడం అన్నీ తనే. బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే మనిషి నోరు శుభ్రంగా ఉంచుకుంటోందని నేను మురిసిపోయేదాన్ని.

ఆ రోజుల్లో నాకు ఒక పిచ్చి ఉండేది. పొగతాగే మగవాడు నా కుర్చీలో కూర్చున్నాడంటే అంత తేలిగ్గా లేచి వెళ్ళలేడు. పంటి డాక్టరుకి ఉన్న సౌకర్యం అదే. పేషెంటు నోరు తెరిచి ఉంటాడు, ఎదురు చెప్పలేడు. పళ్ళ మీద గార చూపించి, చిగుళ్ళు ఎందుకు వదులవుతున్నాయో చెప్పి, పన్ను పీకిన చోట గాయం మానాలంటే కొన్నాళ్ళు పొగ ముట్టుకోకూడదని బెదిరించేదాన్ని. "ఎలాగూ ఇన్నాళ్ళు ఆగారు కదా, ఇంకొక్క వారం ఆగి చూడండి" అని అక్కణ్ణుంచి అందుకునేదాన్ని. కొందరు నిజంగానే మానేశారు. చాలామంది డాక్టర్ని మార్చారు.

బల్లలు వేసిన ముందు గదిలో ఒక పెద్ద బొమ్మ కూడా తగిలించాను. నోట్లో సిగరెట్, పక్కన నల్లబడిన ఊపిరితిత్తులు, పాడైన నోరు. సైన్‌బోర్డులు రాసే పెయింటరు చేత వేయించాను. అతను ఊపిరితిత్తుల కంటే ఆ సిగరెట్ మనిషి మీసాల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాడు. బ్రహ్మాండమైన మీసాలు.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున కంకిపాడు దగ్గరి పల్లె నుంచి భార్యాభర్తలిద్దరు వచ్చారు. ఆయన కోటేశ్వరరావు గారు, రైతు. ఇస్త్రీ మడత నలగని తెల్లపంచె, గట్టి గొంతు. భార్య సీతారావమ్మ గారు యాభై దాటిన మనిషి. పై దవడ పళ్ళన్నీ ఊడిపోయాయి. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

"పెళ్ళిళ్ళకి రావడం మానేసిందమ్మా. నవ్వితే బోసినోరు కనపడుద్దని సిగ్గు. మంచి సెట్టు చేసి పెట్టండి. ఖర్చుకి చూసుకోకండి" అన్నారాయన.

పై దవడకి కంప్లీట్ డెంచర్ చేయాలి. అంటే పళ్ళన్నీ ఒకేసారి ఉండే కట్టుడు సెట్టు. ఎక్రిలిక్ అనే గులాబీరంగు ప్లాస్టిక్‌తో చేస్తాం. పళ్ళ వెనకాల నోటికి పైకప్పులా ఉండే అంగుడంతా కప్పేస్తుంది. దానికి ముందుగా ఇంప్రెషన్, అంటే దవడ అచ్చు తీసుకోవాలి. అచ్చు ముద్ద కలపమని రత్తమ్మకి చెప్పి, మౌత్ మిర్రర్ లోపల పెట్టి అంగుడు చూశాను. మౌత్ మిర్రర్ అంటే పొడుగు కాడ ఉన్న చిన్న గుండ్రటి అద్దం. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మనందరి అంగుడూ లేత గులాబీ రంగులో ఉంటుంది. ఆవిడది తెల్లగా, దళసరిగా, కాచిన పాల మీద మీగడ ముడతలు పడ్డట్టు ఉంది. ఆ తెలుపు నిండా సన్నటి ఎర్ర చుక్కలు. కుడిపక్కన కందిగింజంత ఎర్రటి మచ్చ విడిగా కనిపించింది. తెల్లటి చోటు కంటే అలాంటి ఎర్ర మచ్చకే మేం ఎక్కువ భయపడతాం.

ఈ అంగుడు నేను పుస్తకంలో చూశాను. రివర్స్ స్మోకింగ్ అని రాసి ఉండేది. తెలుగులో అడ్డపొగ అంటారని, చుట్ట వెలిగించి నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగుతారని మా లెక్చరర్ చెబితే క్లాసంతా నమ్మలేక నవ్వింది. "అది ఎక్కడో ఉత్తరాన సముద్రం ఒడ్డున. మన జిల్లాల్లో మీకు కనపడదు" అని ఆయన పేజీ తిప్పేశారు.

నేను అద్దం తీసి కోటేశ్వరరావు గారిని అడిగాను. "మీ ఇంట్లో పొగతాగే అలవాటు ఎవరికైనా ఉందాండీ?"

ఆయనకి చెంపదెబ్బ కొట్టినట్టయింది. "మా ఇంట్లోనా? మా అమ్మ నోటి పుండుతో పోయిందమ్మా. చుట్ట వల్లనే అన్నారు. ఆనాటి నుంచి మా గడపలోకి పొగాకు రానివ్వను. లంక భూమిలో పొగాకు వేసేవాణ్ణి, అదీ తీసేశా. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళయినా సరే, వీధిలో తాగి రమ్మంటా."

ఆ మాటలు అంటుంటే సీతారావమ్మ గారు నేల చూపులు చూస్తున్నారు. నేను ఏదో మందు పేరు చీటీ మీద గీకి, ఆయన్ని కింద షాపుకి పంపించాను.

"అమ్మా, ఇప్పుడు చెప్పండి. చుట్ట తాగుతారా?"

"అయ్యో, ఏం మాటలండీ అవి! ఆడవాళ్ళం."

"నేను ఎవరికీ చెప్పను."

ఆవిడ మెట్ల వైపు చూశారు. రత్తమ్మ వైపు చూశారు. "ఆయనకి చెప్పరు కదా?"

"చెప్పను. ఒట్టు."

"పెద్దాడు పుట్టిన కొత్తల్లో పన్నుపోటు వచ్చిందండీ. తల గోడకేసి కొట్టుకున్నా. మా అత్తగారు చూడలేక, తను తాగే చుట్ట ఇచ్చింది. నిప్పు లోపలికి పెట్టి పీల్చవే, పోటు చచ్చుద్ది అంది. నిజంగానే చచ్చింది. ఇంక అదే అలవాటయింది."

అంతవరకూ నాకు అర్థమవుతూనే ఉంది. కానీ నిప్పు నోట్లో పెట్టుకుంటే నోరు కాలకుండా ఎలా ఉంటుందో మాత్రం అంతుపట్టలేదు. "నిప్పు లోపలికంటే... ఎలాగమ్మా?" అన్నాను.

"ఉండండి, చూపిస్తా" అంటూ ఆవిడ నేను వారించే లోపలే లేచి వెనక వరండాలోకి వెళ్ళారు. చీరకుచ్చెళ్ళ పక్కన రొంటిన దోపుకున్న సగం చుట్ట తీశారు. రత్తమ్మ పరికరాలు మరిగించే స్టవ్ దగ్గర అగ్గిపెట్టె ఉంటే అందుకుని వెలిగించారు. చివర ఎర్రగా రాజుకోగానే చుట్టని తిప్పి, ఆ నిప్పుని నోట్లో పెట్టుకుని పెదాలు మూసేశారు.

అంత చదువు చదివి, రోజూ రక్తం చూసే దాన్ని, నా ఒళ్ళంతా చెమట పట్టింది. ఎవరో పసిపిల్ల నిప్పు మింగుతుంటే చూస్తూ నిలబడ్డట్టు అనిపించింది. ఆవిడ మాత్రం నిశ్చింతగా నిలబడ్డారు. పొగ లేదు, ఎర్రటి మెరుపు లేదు. పెదాల మధ్య నుంచి ఒక గోధుమరంగు ముక్క బయటికి కనపడుతోంది, అంతే. పైగా ఆ నిప్పు నోట్లో ఉండగానే మాట్లాడారు.

"చూశారా, కాలదు. మొదట్లో కాలుద్ది. తర్వాత నాలికే తప్పుకుంటది."

"తీసెయ్యండమ్మా! ముందు తీసెయ్యండి!" నేను గట్టిగా అరిచాను. ఆవిడ తీసి, నేలకి నలిపి, మిగిలింది మళ్ళీ రొంటిన దోపుకున్నారు.

"నిప్పు లోపలికే ఎందుకు పెట్టుకోవాలి? ఆ పాడు చుట్టని అందరిలాగా బయటికి పెట్టి తాగొచ్చుగా?" నాకు కోపం కూడా వచ్చింది.

ఆవిడ నా అమాయకత్వానికి జాలిపడ్డట్టు చూశారు. "చంకలో పిల్లాడుంటాడు కదండీ. బయట పెడితే నిప్పురవ్వ వాడి మీద పడదా? పశువుల కొట్టంలో గడ్డి అంటుకోదా? లోపలుంటే ఎవరికీ ఏం కాదు."

ఎవరికీ ఏం కాదు అన్న ఆ మాట నా చెవుల్లో చాలాకాలం ఉండిపోయింది. బిడ్డ కాలకూడదని తన నోరు కాల్చుకుంది ఆ తల్లి. ఆ లెక్కలో తన నోటికి లెక్కే లేదు. వరండాలో నాతో పాటు నిలబడి ఇదంతా చూసిన రత్తమ్మ మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు. నా దగ్గర ఇన్నాళ్ళు రక్తం చూసి గుండె దిటవు చేసుకుందిలే అనుకున్నాను.

ఇన్నేళ్ళు భర్తకి ఎలా తెలియలేదని అడిగాను. పొయ్యి దగ్గర ఎప్పుడూ పొగే కదా, ఆ వాసనలో ఈ వాసన కలిసిపోయేదట. పొద్దున్నే పొయ్యి ముట్టించేటప్పుడు ఒకటి, మధ్యాహ్నం కొట్టంలో పేడ తీసేటప్పుడు ఒకటి. చుట్టలు పాలు పోయించుకునే ఒక ముసలామె తెచ్చి ఇచ్చేది. పోయిన ఏడాది ఇంట్లో గ్యాస్ వచ్చాక ఎవరైనా పసిగడతారేమోనని మహా ఇబ్బందిగా ఉందని చెప్పారు.

ఆవిడని మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టి ఒక చేతికి మామూలు అద్దం ఇచ్చాను. నా మౌత్ మిర్రర్ లోపల పెట్టి, లైటు తిప్పి, అంగుడు ఆ అద్దంలో కనపడేలా చేశాను. మన మొహం రోజూ చూసుకుంటాం, అంగుడు మాత్రం ఎవరూ చూసుకోరు. ఆవిడ చాలాసేపు కదలకుండా చూశారు. తర్వాత అద్దం ఒళ్ళో బోర్లించేశారు.

"ఇది మా అత్తగారి నోరండీ."

ఆ చావు దగ్గరుండి చూసిన మనిషి. నేను ఇంకేం చెప్పక్కర్లేకపోయింది.

ఎర్ర మచ్చ నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపించాను. ముక్కని సూక్ష్మదర్శినిలో చూసి జబ్బేమిటో తేల్చే పరీక్ష అది. భర్తతో "అంగిట్లో చిన్న మచ్చ ఉంది, ఏంటో చూడాలి" అని మాత్రం చెప్పాను. ఆయన గట్టి గొంతు ఒక్కసారిగా సన్నబడింది. "మా అమ్మకి వచ్చినట్టు కాదు కదమ్మా?" అని అడిగితే ఆయన మొహంలోకి చూడలేకపోయాను.

రిపోర్టులో డిస్ప్లేసియా అని వచ్చింది. కణాలు దారి తప్పడం మొదలుపెట్టాయి, ఇంకా కేన్సర్ కాలేదు. నిప్పు ఆగితే వెనక్కి మళ్ళే అవకాశం ఉంది. ఆగకపోతే అత్తగారి దారే. సీతారావమ్మ గారికి ఇదంతా దాచకుండా చెప్పాను. మానేస్తానన్నారు. ఎలా మానాలో కూర్చుని ఏర్పాటు చేసుకున్నాం. రొంటిన చుట్ట ఉండకూడదు. పాల ముసలామెకి ముందే వద్దని చెప్పేయాలి. చుట్ట మీదికి మనసు పోయినప్పుడు సోంపు నమలాలి, చన్నీళ్ళు పుక్కిలించాలి, ఆ పని వదిలేసి ఇంకో పనిలోకి వెళ్ళాలి. వారానికోసారి సెట్టు సరిచేయించుకునే వంకతో బస్సెక్కి నా దగ్గరికి రావాలి. కట్టుడు పళ్ళు కొత్తలో ఒరుసుకోవడం, డాక్టరు వాటిని అరగదీయడం మామూలే కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు.

వారం వారం వచ్చేవారు. వస్తూనే పళ్ళ సంగతి వదిలేసి "అద్దం ఇవ్వండి" అనేవారు. తెలుపు పలచబడుతూ వచ్చింది. ఎర్ర మచ్చ కూడా వాడిపోతోంది. అప్పుడు డెంచర్ బిగించాను. అద్దంలో నవ్వి చూసుకుని, పదహారేళ్ళ పిల్లలా సిగ్గుపడ్డారు. నేను కూడా నా భుజం నేనే తట్టుకున్నాను. అంగుడంతా ప్లాస్టిక్ కప్పేసింది, ఇంక నిప్పు పెట్టుకోవడానికి చోటెక్కడుంది అనుకున్నాను. కొంతకాలానికి రావడం మానేశారు. బాగున్నారు కాబట్టే రావడం లేదని సరిపెట్టుకున్నాను.

మినుములు తీసే రోజుల్లో ఒక పొద్దున కోటేశ్వరరావు గారు మెట్లు దడదడలాడించుకుంటూ పైకి వచ్చారు. వెనకే సీతారావమ్మ గారు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. ముందు గది బల్లల నిండా జనం. ఆయన జేబులోంచి రుమాలు తీసి, మడత విప్పి, సెట్టుని నా ముందు పెట్టారు.

"చూడండమ్మా. ఇదేనా మీ మంచి సరుకు?"

గులాబీరంగు అంగుడు మధ్యలో నల్లటి మచ్చ. దాని చుట్టూ ప్లాస్టిక్ ఉడికి బుడగలు లేచి, గరుగ్గా తయారైంది. డెంచర్లు విరగడం చూశాను, కుక్క ఎత్తుకుపోవడం చూశాను. లోపలివైపు కాలిన డెంచర్‌ని మాత్రం అంతకుముందు చూడలేదు. ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. సెట్టు పెట్టుకునే ఉండగా, ఆ ప్లాస్టిక్ కింద నిప్పు పెట్టి తాగింది.

"తోముదామని తీసి చూస్తే ఇట్టా ఉంది. కాఫీకే కాలిపోయే పళ్ళు చేస్తారా మీరు? నమ్మి వస్తే నాసిరకం ప్లాస్టిక్కు అంటగడతారా? మా ఊరి నుంచి ఇంకొక్క మనిషిని మీ మెట్లెక్కనివ్వను!"

నాకు కోపం తొందరగా వస్తుందని మా ఇంట్లో పేరు. ఆయన మాటకి మాట అప్పజెప్పడానికి నాలుక దాకా వచ్చింది. ఆవిడకి ఒట్టు వేశాను. నిజం చెబితే ఆవిడ సంసారం ఏమవుతుందో తెలియదు, చెప్పకపోతే ఆవిడ నోరు ఏమవుతుందో బాగా తెలుసు. బల్లల మీద జనం నన్ను దొంగని చూసినట్టు చూస్తున్నారు. పన్ను పీకించుకోవడానికి వచ్చిన ఒకాయన మెల్లగా లేచి మెట్లు దిగిపోయాడు.

"కొత్తది చేసిస్తానండి" అన్నాను.

"కొత్తదీ ఇట్టాగే కాలదని ఏంటి నమ్మకం?"

"డాక్టరమ్మగారిని అనకండి."

ఆ మాట అన్నది సీతారావమ్మ గారు. నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసేశారు. అంతమంది ముందు బోసినోటితో నిలబడి, "సరుకు మంచిదే. కాల్చింది నేను" అన్నారు.

ఆయనకి అర్థం కాలేదు. "కాల్చడమేంటే?"

"చుట్టతోనండీ. నిప్పు లోపలికి పెట్టి తాగుతా. కూలోళ్ళకి వంట చేస్తా పెరట్లో కట్టెల పొయ్యి ముట్టించా. ఆ పొగ తగిలేసరికి ఉండబట్టలేకపోయా. బోసినోరు వాళ్ళకి కనపడకూడదని సెట్టు తియ్యలేదు."

కోటేశ్వరరావు గారు కొయ్యబారిపోయారు. ఆయన మొహంలో రక్తం లేదు. నేను ఇద్దర్నీ లోపలికి తీసుకెళ్ళి తలుపు వేశాను. రత్తమ్మ మంచినీళ్ళు తెచ్చింది. ఆ గ్లాసు ఇచ్చాక కూడా వెళ్ళకుండా సీతారావమ్మ గారి నోటి వైపే చూస్తూ నిలబడింది. ఆ గొడవకి భయపడిందనుకున్నాను.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నారాయన.

"పెద్దాడు పుట్టిన దగ్గర్నుంచి."

"ఎవరు నేర్పారు?"

ఆవిడ కొంగు మళ్ళీ నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయనకి అర్థమైంది. కుర్చీలో కూలబడ్డారు. కాసేపటికి నాతో, ఏదో నేరం ఒప్పుకుంటున్నట్టు అన్నారు. "మా అమ్మ మంచాన పడ్డ రోజుల్లో నేను ఆ గదిలోకి పోలేదమ్మా. పుండు వాసన. గుమ్మం దగ్గర నిలబడి ఎట్టా ఉందే అని అడిగి పొలం పోయేవాణ్ణి. కడగడం, గంజి పట్టడం, అన్నీ ఇదే చేసింది."

"ఆ వాసన భరించలేకే నేనూ ఎక్కువ తాగానండీ" అన్నారు సీతారావమ్మ గారు నెమ్మదిగా. "అత్తగారికి గంజి పట్టి, గడ్డివామి చాటుకెళ్ళి ఒక చుట్ట తాగితే గానీ నాకు ముద్ద దిగేది కాదు. ఆవిడ కూడా చూసి ఏం అనేది కాదు. నాకూ ఒక దమ్ము ఇవ్వవే అనేది."

నేను చదువుకున్న ఏ పుస్తకమూ నన్ను దీనికి సిద్ధం చేయలేదు. చుట్ట తాగి నోరు కుళ్ళిన మనిషికి సేవ చేస్తూ, ఆ కుళ్ళు వాసన పోగొట్టుకోవడానికి అదే చుట్ట తాగిన కోడలు. అడిగితే ఆ నోటికే మళ్ళీ నిప్పు అందించిన కోడలు. నాకు కళ్ళనీళ్ళు వచ్చేశాయి. డాక్టర్ని కదా అని ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

అరుస్తారని, చెయ్యి ఎత్తుతారని నేను భయపడ్డ మనిషి లేచి, "ఆ అద్దం ఏదో ఇవ్వండమ్మా, నేను చూస్తా" అన్నారు. చూపించాను. తెలుపు మళ్ళీ కమ్ముకుంటోంది. తల్లి నోట్లోకి ఎప్పుడూ చూడని ఆయన భార్య నోట్లోకి వంగి చూశారు. చూసి, "ఇప్పుడేం చెయ్యాలో నాకు చెప్పండి. దానికి కాదు, నాకు" అన్నారు.

పొద్దున పొయ్యి ముట్టించే వేళే అసలు గండమని చెప్పాను. మర్నాటి నుంచి ఆ పని ఆయనే పెట్టుకున్నారట. వంటింట్లో గిన్నె ఎక్కడుంటుందో తెలియని మనిషి పాలు కాచేవారు. సగం పొంగిపోయేవని, మిగిలినవి మాడిపోయేవని, అయినా వంకపెట్టకుండా ఆ కాఫీ తాగుతున్నానని ఆవిడ వచ్చి చెబితే నవ్వుకున్నాం. మొదట్లో ఆయన పోలీసులా రొంటి వెతికేవారు. ఆయనకి నేను గట్టిగా చీవాట్లు పెట్టాను. దొంగలా చూస్తే దొంగగానే తాగుతుంది, తాగిన రోజున కూడా మీకు చెప్పుకోగలిగితేనే మానగలుగుతుంది అని చెప్పాను. ఆ తర్వాత ఒకసారి జారారు. ఆ సాయంత్రమే ఇద్దరూ కలిసి వచ్చి చెప్పారు. మళ్ళీ జారలేదు. తర్వాతి ఏడాది చేసిన బయాప్సీలో డిస్ప్లేసియా లేదు. కొత్త సెట్టు అంగుడు గులాబీరంగులోనే ఉంది. ఆవిడ పెళ్ళిళ్ళకి వెళ్ళారు, నవ్వారు. నా దగ్గరికి మాత్రం చాలా ఏళ్ళు, సెట్టు బాగానే ఉన్నా, అద్దంలో అంగుడు చూసుకుని పోవడానికి వస్తూనే ఉన్నారు.

సీతారావమ్మ గారి సంగతి అంతటితో అయిపోయింది. నా సంగతి మాత్రం అవలేదు.

ఆ గొడవ జరిగిన రోజు మధ్యాహ్నం, జనమంతా వెళ్ళిపోయాక, నేను తినాలనిపించక టిఫిన్ బాక్సు ముందు పెట్టుకుని కూర్చున్నాను. రత్తమ్మ డెంటల్ కుర్చీ తుడుస్తోంది. తుడిచి తుడిచి, గుడ్డ పక్కన పెట్టి, ఆ కుర్చీలో తను కూర్చుంది. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ కుర్చీలో కూర్చోని మనిషి. అలసిపోయిందేమో అనుకున్నాను. బుగ్గన ఉన్న లవంగం తీసి చేతిలో పట్టుకుంది.

"డాక్టరమ్మగారూ, నాది కూడా ఒకసారి చూస్తారా?"

నోరు తెరిచింది. నేను లైటు వేశాను.

కాచిన పాల మీద మీగడ. ఎర్ర చుక్కలు. మధ్యలో పుండు.

స్టూలు లాక్కుని కూర్చున్నాను. అన్నేళ్ళు నా పక్కన, నా మోచేతికి మోచెయ్యి తగులుతూ నిలబడిన నోరు అది. సీతారావమ్మ గారిని పొయ్యి పొగ దాచింది, రత్తమ్మని నా క్లినిక్కే దాచింది. లవంగనూనె వాసన నిండిన గదిలో లవంగం నమిలే మనిషి దగ్గర చుట్ట వాసన వెతకాలని ఎవరికి తడుతుంది?

"రత్తమ్మా! ఇన్నేళ్ళు ఇక్కడే ఉన్నావు. వచ్చిన ప్రతివాడికీ నేను గొంతు చించుకుని చెబుతుంటే విన్నావు. ఒక్కసారి కూడా నాకు చెప్పాలనిపించలేదా?" కోపమో, భయమో, ఏడుపో తెలియకుండా అరిచాను.

రత్తమ్మ ముందు గది వైపు చూపించింది. "మీరు మగాళ్ళకి చెప్పేవారు కదండీ. ఆ బొమ్మలో కూడా మీసాలాయనే ఉన్నాడు. అది మగాళ్ళకి వచ్చే జబ్బనుకున్నా."

ఆ సాయంత్రం ఆ బొమ్మ తీయించేశాను.

రత్తమ్మ బయాప్సీలో కేన్సర్ అనే వచ్చింది. హైదరాబాదు తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించాం. అంగిట్లో ఒక ముక్క తీసేశారు. నీళ్ళు తాగితే ముక్కులోంచి వచ్చేవి. మాట్లాడితే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అలాంటి రంధ్రాన్ని మూయడానికి ఆబ్ట్యురేటర్ అని ఒక ప్లేటు చేస్తాం, డెంచర్ లాంటిదే. దాన్ని ల్యాబుకి పంపకుండా నా చేత్తో నేనే చేశాను. అది పెట్టుకున్నాక రత్తమ్మ మాట తిరిగి వచ్చింది, కొంచెం గుంయ్‌మన్నట్టు, కానీ స్పష్టంగా. పనిలోకీ తిరిగి వచ్చింది.

ఆ ఏడాది నుంచి నా కుర్చీలో కూర్చునే ప్రతి మనిషినీ, పట్టుచీర కట్టుకున్న పెద్దింటి ఆవిడైనా, బురఖా వేసుకున్న మా బంధువైనా, తాగుతారా అని అడుగుతాను. తాగరు కదా అని అడగను. అంగుడు చూడకుండా పన్ను ముట్టుకోను. ఈ వృత్తిలో నేను ఆలస్యంగా నేర్చుకున్నది ఇదే.

కానీ ఆడవాళ్ళు నా ప్రశ్నకి నిజం చెప్పేది తక్కువ. రత్తమ్మకి చెబుతారు. పల్లెల నుంచి వచ్చిన పెద్దావిడల పక్కన బల్ల మీద కూర్చుని, ఎండ గురించి, బస్సు గురించి నాలుగు మాటలాడి, ఆ గుంయ్‌మనే గొంతుతో మెల్లగా అడుగుతుంది. "చుట్ట తాగుతావా అమ్మా? నిప్పు లోపలికా, బయటికా?"

లోపలి గదిలోంచి నాకు ఆ మాట వినపడుతుంది. చేతిలో పని ఆపేసి జవాబు కోసం చెవి రిక్కిస్తాను. తర్వాత రత్తమ్మ తలుపు దగ్గరికి వచ్చి, "డాక్టరమ్మగారూ, అద్దం తియ్యండి" అంటుంది.